పేరు రాయని అట్టపెట్టె

మేముండేది షార్జాలోనే అయినా ఊళ్లో అందరి లెక్కలో దుబాయ్‌లో ఉన్నట్టే. ఇక్కడికొచ్చిన ఇన్నేళ్లలో పన్ను అనే మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. తర్వాత కంపెనీలకు పన్ను వచ్చింది. మా ఆయనది ఏసీలు బాగుచేసే చిన్న కంపెనీ. ప్రభుత్వం గుర్తించిన దానసంస్థలకు ఇచ్చింది పన్నులో తగ్గించుకోవచ్చని అకౌంటెంట్ ఒకరోజు ఫోన్లో అన్నాడట. పూర్తిగా వినుంటే బాగుండేది. ఈయన సగం విని ఇంటికొచ్చేశారు.

డిసెంబరు రెండో వారం. "ఏడాదిగా ముట్టుకోనిది ఏదైనా సరే, ఇచ్చేద్దాం. లారీ పంపిస్తారట. రసీదు కూడా ఇస్తారు," అంటూ పుస్తకం, పెన్ను పట్టుకుని గదులన్నీ తిరగడం మొదలుపెట్టారు.

ఆ లెక్కన ముందు పోవలసింది హాల్లో ఉన్న ఆయన నడక మెషీను. కొన్న నెల తర్వాత దానిమీద తడి తువ్వాళ్లు తప్ప మనిషి ఎక్కింది లేదు. అడిగితే, "జనవరి నుంచి మొదలుపెడుతున్నాగా," అన్నారు. నా పెద్ద ఇడ్లీ కుక్కరుకు మాత్రం జనవరి లేదు. విప్పని డిన్నర్ సెట్టుకూ లేదు. ఒళ్లు మండిపోయింది. ఆయన స్నానానికి వెళ్లగానే నావన్నీ మోసుకెళ్లి మంచం కింద దాచడం మొదలుపెట్టాను.

మంచం కింద ఖాళీ ఎక్కడిది? గల్ఫ్ కాపురాల్లో అక్కడుండేదంతా ఊరికి పట్టుకెళ్లే సామానే. అందులో మాది కానిది కూడా ఒకటుంది. ఖాలా పెట్టె.

ఖాలా మాకు చుట్టమేమీ కాదు. రాయచోటి దగ్గర పల్లె ఆమెది. మా బిల్డింగ్‌లో ఒక ఇంట్లో వంట చేసేది. ఆ ఇంటి పిల్లలు పిన్నిని పిలిచినట్టు ఖాలా అంటుంటే మేమూ అలాగే పిలిచాం. ఆ ఇంటివాళ్లు వెళ్లిపోయాక అల్ ఐన్‌లో ఒక అరబ్బుల ఇంట్లో కుదిరింది. అక్కడ ఇంకో ఇద్దరితో కలిసి ఒకే గది కాబట్టి తన పెట్టె మా దగ్గర పెట్టుకుంది. రెండు మూడు నెలలకోసారి సెలవు దొరికితే బస్సెక్కి వచ్చి, తెచ్చినవి అందులో సర్ది, మళ్లీ టేపు వేసి, టీ తాగి వెళ్లేది. రెండు బరువైన దుప్పట్లు, ఫ్లాస్కు, అత్తరు సీసాలు, బాణలి. అన్నిటికన్నా పైన, చేత్తో కుట్టిన గౌన్లు. తను ఇక్కడుండగా పుట్టిన మనవరాలికి పండగకొకటి చొప్పున, ఈపాటికి ఎంత ఎదిగి ఉంటుందో ఊహించి కుట్టినవి.

"ఈ చిన్నవి ఇంక దానికి పట్టవు కదా ఖాలా," అన్నాను ఒకసారి.

"పట్టకుంటే యేమమ్మా, దాని నాని కుట్టిందని చూసుకుంటాదిలే," అంది.

అందరిలా పెట్టె మీద పేరూ ఊరూ రాయనిచ్చేది కాదు. కరోనా వచ్చిన ఏడాది, ప్రయాణానికి ముందుగానే రాసి పెట్టుకుంటే విమానాలు ఆగిపోయాయట. మళ్లీ ఆ ప్రయాణం కుదరనే లేదు. "ముందే రాస్తే నిల్చిపోతాదమ్మా. పొయ్యే పొద్దు రాస్తాము," అనేది. ఇప్పుడు వీసా ఖలాస్ చేసుకుని పూర్తిగా వెళ్లిపోతోంది. శుక్రవారం పొద్దున వచ్చి పెట్టె తీసుకుని, మధ్యాహ్నం విమానం ఎక్కాలి.

ఆ పెట్టెను నేనే బయటికి లాగాను. హాల్లో తలుపు పక్కన పెట్టి, ఆ ఖాళీలోకి నా డిన్నర్ సెట్టు తోశాను. వచ్చాక ఎక్కడైనా సర్దొచ్చులే అనుకుని అమ్మాయి స్కూల్లో మీటింగ్‌కి వెళ్లాను. అది బుధవారం. తిరిగి వచ్చేసరికి లారీ వచ్చి వెళ్లిపోయింది. మా ఆయన సోఫాలో కూర్చుని రసీదు చూసుకుంటున్నారు. తలుపు పక్కన ఏమీ లేదు.

నేను అరిచిన అరుపులకు ఎదురింటి వాళ్లు తలుపు తీశారు. సంస్థకు ఫోన్ చేస్తే సరుకంతా షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో గోడౌన్‌కి వెళ్లిందన్నారు. మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. ట్రాఫిక్‌లో ఆయన ఒక్కసారి మాత్రం, "హాల్లో ఉంది కదే, మనదే అనుకున్నాను," అన్నారు.

"హాల్లో ఉంటే ఇచ్చేస్తారా? హాల్లో మీరు కూడా ఉన్నారుగా!" అన్నాను.

గోడౌన్‌లో బట్టలు ఒక కొండ, వంటసామాను ఒక కొండ. అక్కడి ముదీర్, అంటే మేనేజరు, మలయాళీ. "కార్టన్ ఖలాస్ మేడం. రాగానే విప్పి వేరుచేసేస్తాం. పిల్లల బట్టలైతే వచ్చిన రోజే వెళ్లిపోతాయి," అని హిందీలో చెప్పాడు. మూడు గంటలు వెతికితే ఒక దుప్పటి, ఫ్లాస్కు దొరికాయి. మా ఆయన మోకాళ్ల మీద కూర్చుని బట్టల మూటలన్నీ విప్పి చూశారు. గౌను ఒక్కటీ దొరకలేదు.

తిరిగి వస్తుంటే అకౌంటెంట్ ఫోన్ చేశాడు. రసీదు ఫొటో చూశాడట. "ఇంటి సామాను కంపెనీ లెక్కల్లో ఎలా చూపిస్తాం సార్?" అన్నాడు. ఇంకో రోజైతే దీనిమీదే వారం రోజులు సాధించేదాన్ని. అప్పుడు ఓపిక లేకపోయింది. దారిలో బజారులో ఆగి కొత్త దుప్పటి, బాణలి, అత్తర్లు, రెడీమేడ్ గౌన్లు కొని కొత్త పెట్టెలో సర్దాం.

శుక్రవారం పొద్దున ఖాలా వచ్చింది. పెట్టె చూడగానే నిలబడిపోయింది.

"ఇది నాది కాదు గదమ్మా."

జరిగింది చెప్పాను. లారీ గురించి, గోడౌన్ గురించి. ఆమె కూర్చుని కొత్త గౌన్లు ఒక్కొక్కటే తీసి చూసి, మళ్లీ మడత పెట్టింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"మంచం కింద ఉండె గదా. యెవరు తీసి బయట పెట్నారు?" అంది.

నేను నోరు తెరిచేలోపు, "నేనే ఖాలా," అన్నారు మా ఆయన. "చూసుకోకుండా నేనే తీసి ఇచ్చేశాను. తప్పు నాదే."

నావైపు చూడనైనా చూడలేదు. రెండు రోజులుగా మూతపడని నా నోరు అప్పుడు పెగల్లేదు.

"సదువుకున్నోళ్లు మీరు. ఒక మాట అడగాల గదా సార్," అంది ఖాలా. మా ఆయన తలొంచుకుని నిలబడ్డారు. నేను టీ పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్లిపోయాను. అంత సిగ్గుపడ్డది నా జీవితంలో లేదు.

ఖాలా రాయచోటి నుంచి ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. నా మోకాలి నొప్పి అడుగుతుంది, అమ్మాయి చదువు అడుగుతుంది. సార్ ఎట్లున్నాడని మాత్రం అడగదు. ఆయన పక్కనే టీవీ చూస్తూ ఉంటారు. ఈసారి చెప్పేయాలని ప్రతిసారీ అనుకుంటాను. ఇంతవరకూ చెప్పలేదు.