జేబు గడియారానికి తోలు పట్టీ

గాజువాకలో షేర్ ఆటో నడిపే మా బావకు, వాళ్ల నాన్న జేబు గడియారాన్ని చేతికి కట్టుకోవాలని కోరిక. గడియారాలు బాగుచేసే నేను దాని లోపలి యంత్రాన్ని కొత్త కేసులో బిగించి, తోలు పట్టీ వేశాను. పది రోజులు బల్ల మీద పెట్టి, రోజుకు రెండు సెకన్ల తేడాకు తెచ్చి ఇచ్చాను.

వారం తిరక్కుండానే బావ వచ్చాడు. ఆటో నడిపిన రోజల్లా అది ఏడు నిమిషాలు వెనకబడుతోందట.

"నీ లెక్కకి ఏటీ లోటు నేదు, బావా. నా సెయ్యే తప్పు సేత్తంది," అన్నాడు.

ఆటో హ్యాండిల్ పట్టుకున్న చెయ్యి పొద్దస్తమానం అదురుతుందన్న సంగతి నా లెక్కలో లేదు. మళ్లీ విప్పి సరిచేస్తానన్నాను.

"వొద్దు బావా, దీనికి మందు నాను కనిపెట్టీసాను," అంటూ పట్టీతో సహా ఖాకీ చొక్కా జేబులో వేసుకున్నాడు.

"మరి చేతికి కట్టుకోవా?"

"ఆదోరం కట్టుకుంతాన్లే. ఆ రోజు ఆటో తియ్యను."