మహాగని కూల్చిన చేతులు

ఇసావ్రో చయాష్ చొక్కాకు బొత్తాములు పెట్టేది అతని భార్య యుసేబియా. ఆ సంగతి మా ఊళ్లో చాలాకాలం ఎవరికీ తెలియదు. తలుపు మూసి ఆమె ఆ పని ముగించిన తరువాతనే అతడు మోటారు రంపం భుజాన వేసుకొని, మా పెతేన్ అడవి మొత్తంలో తనను మించిన కోతగాడు లేడన్నట్లు వీధిలోకి వచ్చేవాడు. నిజానికి లేడు కూడా.

యౌవనం నుండి రంపపు అదురును భరించిన ఆ వేళ్లు మొదట తెల్లబడ్డాయి, పిదప తిమ్మిరెక్కాయి, తుదకు పూర్తిగా మొద్దుబారాయి. చేతులు మొద్దుబారినవాడు రంపం పట్టరాదని మా కోతగాళ్ల సంఘం కట్టడి. రుతీలియో అనేవాడికి వేళ్లలో పట్టు తెలియక రంపం జారి మోకాలు తెగిన ఏడు చేసుకొన్న కట్టడి అది. దానిని తప్పని ఎవరూ అనలేరు. అయితే రంపం దించిన కోతగాడికి మిగిలే పని, ఆడవాళ్ల వెంట నడిచి, పూలగుత్తుల్లో కట్టడానికి దుకాణాలకు పోయే షాతె ఆకు కోయడమే. ఇసావ్రో దృష్టిలో అది చావుకంటె హీనం.

మా అడవిలో మహాగనిని ఇష్టం వచ్చినట్లు కూల్చము. ఏటికొక భాగంలోనే కోత. అందులోనూ విత్తనానికి విడిచిన చెట్లకు తెల్లరంగు పట్టీ వేసి, వాటి జోలికి పోము. దక్కేవి కొన్ని చెట్లే గనుక ప్రతి దుంగా గిటారు మెడలకు పనికిరావాలి. కూలే చెట్టు బండ మీద పడిందా, లోపల నారకు అడ్డంగా వెంట్రుకవంటి పగుళ్లు పుడతాయి. అవి పైకి కనబడవు. మిల్లులో దుంగను చీల్చినప్పుడే బయటపడతాయి. అట్టి కర్రను గిటార్లు చేసేవాళ్లు ముట్టరు.

కోతపనికి మేస్త్రీ మెలేసియో. ఇసావ్రోకు స్వయానా మేనల్లుడు. పని నేర్చుకొన్నదీ అతని దగ్గరే. నేర్చుకొనే రోజుల్లో అరచేతికి బొబ్బ లేచిందని చూపితే, "పోయి మీ అమ్మ పక్కన కూర్చుని రొట్టెలు తట్టుకోరా" అని మామ పదిమందిలో అన్నాడు. మెలేసియో ఆ మాట మరువలేదు.

ఆ వేసవిలో మామ వేళ్ల మీద అనుమానం పుట్టి, మెలేసియో ఏరికోరి ఒక వాలు మీది చెట్టును అతనికి అప్పగించాడు. దానికి ఇరువైపులా పట్టీ వేసిన విత్తనపు చెట్లు, దిగువన బండ.

"ఏం మామా, వదిలేద్దామా? చేతులు వణుకుతున్నట్టున్నాయే!"

"నువ్వు పుట్టినప్పుడు ఎత్తుకున్న చేతులురా ఇవి. వణికుంటే అప్పుడే కింద పడేవాడివి."

"అందుకేనేమో, మా అమ్మ మళ్లీ నీ చేతికివ్వలేదు!"

కూలీలు పగలబడి నవ్వారు. ఇసావ్రో కోత సందులో చెక్క చీలలు దిగ్గొట్టి, ఎడమకు ఒరగబోయిన చెట్టును నిలిపి, రెండు పట్టీ చెట్ల నడుమ, బండకు ఎగువన, మెత్తటి ఆకుపెంట మీద పడుకోబెట్టాడు.

ఆ దుంగను చీల్చేనాడు ఊరంతా మిల్లు చుట్టూ మూగింది. పలక తరువాత పలక దిగింది. ఎర్రగా, తిన్నగా, ఎక్కడా గీత లేదు. "మచ్చ లేదు!" అని మిల్లువాడు కేకవేయగానే జనం చప్పట్లు చరిచారు. యుసేబియా కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. తన పని నిలిచిందని ఇసావ్రో ముఖమే చెప్పింది.

అప్పుడు మెలేసియో మిల్లు మూలనున్న పొయ్యి దగ్గరకు పోయి, నిప్పుల మీద కాఫీ మరుగుతున్న రేకు లోటాను గుడ్డతో పట్టి తెచ్చాడు.

"తీసుకో మామా. నువ్వు గెలిచావు."

ఇసావ్రో రెండు అరచేతులా లోటాను పొదివి పట్టుకొన్నాడు. పట్టుకొని, పక్కవాడితో చెట్టు ఒరిగిన తీరు చెప్పసాగాడు. చర్మం కమిలిన వాసన వచ్చింది.

"వదిలెయ్యి! వదిలెయ్యయ్యా, కాలుతోంది!" అని యుసేబియా అరిచింది.

అతడు చేతుల వంక చూసుకొన్నాడు. విషయం అర్థమైంది. అయినా లోటా దించలేదు.

"కాలడానికేముందే ఇందులో? చల్లారిపోతేనూ" అని నోటికెత్తాడు. పెదవి తగిలీ తగలకముందే ఉలిక్కిపడ్డాడు; కాఫీ చొక్కా మీద ఒలికింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తరువాత అందరూ నవ్వారు.

"పెదవులకు తెలిసింది, చేతులకు తెలియలేదు" అన్నాడు మెలేసియో. "రేపట్నించి రంపం పెదవులతో పడతావా మామా?"

"ఈ ఒక్క భాగం పూర్తి కానియ్యరా. ఆ పైన నేనే దించేస్తా."

"రుతీలియో కూడా అలాగే అన్నాడు."

మెలేసియో వంగి, మామ కాళ్ల దగ్గరున్న రంపాన్ని ఎత్తుకొని పోయాడు. యుసేబియా నేల మీద మోకరిల్లి, లోటాకు అంటుకొన్న వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసింది. ఇసావ్రో ఆమె విడదీస్తున్న తన చేతులను వేరెవరివో అన్నట్లు చూస్తూ నిలబడ్డాడు.