ఎండలో పెట్టిన బూజు

ఎల్లారెడ్డిలో బీడీలు చుట్టే రాజవ్వ తునికాకు చేతికి తీసుకోగానే వాసన చూస్తుంది. బూజు తగిలితే తుడిచి ఎండలో పెడుతుంది.

కామారెడ్డిలో చదివే కూతురు కళ్యాణి, కాలేజీ ప్రాజెక్టు కోసం ఇంట్లోనే ఒక ట్రేలో మక్కజొన్న చొప్ప మీద పుట్టగొడుగు బూజు పెంచుతోంది. అది చొప్పనంతా అల్లుకుని గట్టిపడితే థర్మాకోల్‌కు బదులు వాడే డబ్బా అవుతుంది. కూతురు లేనప్పుడు రాజవ్వ ఆ ట్రేనూ తుడిచి ఎండబెట్టింది.

సాయంత్రం కళ్యాణి స్నేహితురాలితో వచ్చి చూసింది.

"అమ్మా, ఏం చేసినవే! మాకు బూజే కావాలె. మళ్లా మొదటి నుంచి పెంచాలె."

"పాడైతదని ఎండబెట్టిన బిడ్డా."

స్నేహితురాలు నవ్వింది. "ఆంటీ, బీడీలనుకున్నరా ఏంది?"

కళ్యాణి నవ్వలేదు. రాజవ్వ తల ఎత్తలేకపోయింది.

మర్నాడు పొద్దున కళ్యాణి కొత్త ట్రే నింపింది. రాజవ్వ తాను రోజూ కూర్చునే చల్లటి మూలను దానికి వదిలి, బీడీల చాట తీసుకుని ఎండపడే గడప దగ్గర కూర్చుంది.