సైకల్‌గర్ చాంద్ సాబ్

జనగామ స్టేషన్ రోడ్డులో అబ్దుల్ సత్తార్‌ది సైకిల్ రిపేర్ దుకాణం. ఆయన తండ్రి కూడా అక్కడే పంక్చర్లు వేసి ముసలివాడయ్యాడు. అంతకుముందు తాత చాంద్ సాబ్ ఏం చేసేవాడో ఇంట్లో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. డిగ్రీ చదివే కూతురు అఫ్రీన్‌కు మొన్న ఎండాకాలం సెలవుల్లో ఆ పిచ్చి పట్టింది. వంశవృక్షం గీస్తానని కూర్చుని, బీరువా అడుగున పడివున్న చాంద్ సాబ్ పెళ్లి కాగితం, నికానామా, బయటికి లాగింది.

అదంతా ఉర్దూ చేతిరాత. తండ్రీకూతుళ్లిద్దరిదీ తెలుగు మీడియమే. ఖురాన్ అక్షరాలైతే కూడబలుక్కోగలరు గానీ ఈ గొలుసుకట్టు రాత అంతుచిక్కలేదు. వీధిలో తెలిసినాయనొకరు తెలుగు అక్షరాల్లో దించి ఇచ్చాడు. పేరు చాంద్ సాబ్, ఊరు జఫర్‌గఢ్, పేషా సైకల్‌గర్.

పేషా అంటే చేసే పని. సత్తార్ మురిసిపోయాడు.

"చూసినవా బిడ్డా! మా తాత సుత సైకిళ్ల పనే చేసిండు. మూడు తరాల నుంచి మన చేతులకు గదే గ్రీజు!"

దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ ఆ ముచ్చట చెప్పాడు. జఫర్‌గఢ్ నుంచి వచ్చే పాత గిరాకి యాకయ్యకు చెప్పినప్పుడే చిక్కొచ్చింది.

"ఏందే సత్తారన్నా, గా కాలంల మా ఊర్లె సైకిలెక్కడిదే?" అన్నాడు యాకయ్య. "మొదటి సైకిల్ వస్తే ఊరంత ఉరికొచ్చి చూసిన్రట. మా నాయిన చెప్పేటోడు. అప్పటికి ఆయనకు మీసాలొచ్చినయి."

"మరి నికానామాల అబద్దం రాస్తరా?"

"నాకేమెరుక?"

సత్తార్‌కు పని మీద మనసు నిలవలేదు. సైకిళ్లే లేని ఊళ్లో సైకిళ్ల పనివాడెట్లా ఉంటాడు? మరుసటి శుక్రవారం దుకాణం మూసి, నికానామా తీసుకుని మహబూబాబాద్ రైలెక్కాడు. అక్కడ ఆయన బావమరిది షాకీర్ బడిలో ఉర్దూ చెప్తాడు. షాకీర్ కాగితం చూసి నవ్వాడు.

"భాయ్, గిది సైకిల్ కాదు. సైకల్ అంటే మెరుగుపెట్టుడు. కత్తులకు, తల్వార్లకు సానపట్టి తళతళలాడించెటోన్ని సైకల్‌గర్ అంటరు."

"తల్వార్లా? ఎవలవి?"

"గది గిండ్ల రాయలే."

నవ్వాలో భయపడాలో సత్తార్‌కు తెలియలేదు. అంతదూరం వచ్చాడు కదా అని అటునుంచే కురవి బస్సెక్కాడు. చాంద్ సాబ్ పిల్లల్లో మిగిలింది చిన్న కూతురొక్కతే, నఫీసా బేగం. సత్తార్‌కు మేనత్త. ఎనభై దాటిన ఆమె అరుగు మీద కూర్చుని పాన్ దంచుకుంటోంది. తాత పని గురించి ఆయన అడగగానే దంచడం ఆపింది.

"అవ్, సానపట్టేటోడు. కొడవండ్లు, కటికోళ్ల కత్తులు వస్తుండె. దసరాకు దొర గడీల నుంచి తల్వార్లు సుత వచ్చేటియి."

"మరి సైకిళ్లు, ఫుప్పూ?"

"నిజాం రాజ్యం పోయిన పోలీస్ యాక్షన్ ఏడు నేను చిన్న పోరిని. ఎవలింట్ల కత్తి దొరికితే వాళ్లను పట్టుకపోతరని ఒకటే భయం. మా అబ్బా సానరాయి తీస్కపోయి బాయిల ఏసిండు. ఊరంత సైకల్‌గర్ అని పిలుస్తుండె గద, ఎవలన్న అడిగితే సైకిళ్ల పని అని చెప్పున్రి అన్నడు. నాకు, మీ నాయినకు పొద్దుమాపు గదే పాఠం."

"ఆయనకు సైకిళ్ల పని వచ్చా?"

"ఏడొస్తది! చెప్పిన మాట నిజం చెయ్యాలె గద. జనగామకు పోయి దుకాణంల కూసొని నేర్చుకున్నడు."

సత్తార్ తన అరచేతులు చూసుకున్నాడు. భయంతో పుట్టిన ఒక మాటలోంచా తన బతుకంతా వచ్చింది? తాత తెలివిని మెచ్చుకోవాలనిపించింది.

అన్నం పెట్టాక మేనత్త మళ్లీ అందుకుంది. "గట్ల కాదు సత్తార్. సానరాయి బాయిల ఏసింది మా అమ్మ, మీ దాదీ. అబ్బా అప్పటికే జనగామల ఉన్నట్టున్నడు."

"ఇప్పుడే అబ్బా అంటివి గద?"

"అంటినా?" ఆమె కూడా అయోమయంగా చూసింది. "ఏమో బిడ్డా, చీకట్ల నీళ్ల సప్పుడైతే యాదున్నది."

తాత ముందే వెళ్లిపోయి ఉంటే ఆ పాఠం పిల్లలకు చెప్పిందెవరు? రైలంతా అదే తలపోత. ఇంటికి రాగానే అఫ్రీన్ అడిగింది, "అబ్బా, మీ దాదా పని ఏమని రాయాలె?"

"జర ఆగు బిడ్డా. నాకే సమజైతలేదు."

ఆ తర్వాత ఆయన కురవికి పోతూనే ఉన్నాడు. పోయినప్పుడల్లా మేనత్త ముచ్చట కొంచెం పక్కకు జరిగేది. మొన్నటిసారి మాత్రం మనసులో నానుతున్నది బయటపెట్టాడు.

"ఫుప్పూ, ఆఖరి ఏడు వచ్చిన తల్వార్లు గూడ గడీవేనా, రజాకార్లవా?"

ఆమె కంచం ఆయన వైపు జరిపింది.

"బువ్వ సల్లారుతది. తిను."

ఆమెకు గుర్తులేదో, చెప్పడం ఇష్టంలేదో తెలియలేదు. సత్తార్ తలవంచుకుని తిన్నాడు.