వర్జ్యం వెళ్లాక కోరింగకు

మోకాలి ఆపరేషన్ అయ్యాక మా ఆవిడ కోరింది ఒక్కటే, కోరింగ మడ అడవిలో పడవెక్కి నీటికుక్కలను చూడాలని. పంచాంగంలో వర్జ్యం చూసి, అది వెళ్లేదాకా మండపేటలో ఇల్లు కదలనివ్వలేదు నేను. మేం చేరేసరికి ఆటు మొదలై, కాలువలో నీళ్లు దిగిపోయాయి.

"ఇప్పుడు పడవ తీస్తే బురదలో కూర్చుండిపోద్దండి," అన్నాడు పడవ నడిపేవాడు.

"అదే పంచాంగంలో తిథి కూడా ఉంటుంది కదండీ. పోటు ఎప్పుడో చూడొద్దూ?" అంది ఆవిడ.

చేతికర్రతో చెక్కవంతెన మీద మెల్లగా నడిచింది. ఆటుకు బయటపడ్డ బురదలో, మడచెట్ల వేళ్ల మధ్య, రెండు నీటికుక్కలు పీతలను వెతుక్కుంటున్నాయి. ఆవిడ కర్ర నా చేతికిచ్చి, కమ్మీ పట్టుకుని వంగి చూసింది.

"మోకాలు నొప్పి పెట్టడం లేదా?" అన్నాను.

"మెల్లగా మాట్లాడండి, పారిపోతాయి," అంది.