అంబలి తాగి ఇచ్చిన రక్తం

మొన్న నాలుగు రోజులపాటు లేని జబ్బుతో బతికేను. తెచ్చుకున్నది కూడా నేనే.

నీరసంతో మొదలైందిలెండి. ఒడిశా కొండల్లో ఉన్న కకిరిగుమ్మలో మా ఇంటికి చర్చి ఎంతో దూరం లేదు. అయినా దారిలో రెండుసార్లు కూలబడుతున్నాను. ఆదివారం వాక్యం చదివే వంతు నాదైతే, సగంలో కాళ్లు వణికి బల్ల పట్టుకుంటున్నాను. అందరూ వయసన్నారు. మా కోడలి పేరు సువార్త, బడిలో టీచరు. తను ఊరుకోలేదు. కోరాపుట్ తీసుకెళ్లి డాక్టరుకి చూపించింది. ఆయన హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, ఇంకా ఏవో కాగితం నిండా రాసి, సోమవారం ఖాళీ కడుపుతో రక్తం ఇమ్మన్నాడు.

ఏమీ తినకూడదని కోడలు ఆదివారం సాయంత్రం మూడుసార్లు చెప్పింది. నేనూ మాట మీదే నిలబడ్డాను. పొద్దున్న ఇడ్లీ ముట్టలేదు, బిస్కెట్టు ముట్టలేదు. రైలెక్కేముందు ఓ పెద్ద లోటాడు చోడి అంబలి తాగేను, అంతే. రాగుల్ని మేం చోళ్లంటాం. నాకు అందులో బెల్లంముక్క పడాలి. ఇక్కడ పొలానికెళ్లేవాళ్లు ఎండిన సొరకాయ బుర్రలో అంబలి పోసుకుని వెళ్తారు. అది తాగొచ్చినవాళ్లని తిన్నావా అని అడగండి, ఇంకా లేదనే అంటారు. పెళ్లయి ఈ కొండల్లోకి వచ్చిన దగ్గర్నించీ నా లెక్కా అదే.

ల్యాబులో సూది పట్టుకున్న అమ్మాయి ఏమైనా తిన్నారా అని ఒడియాలో అడిగింది. లేదని నిబ్బరంగా చెప్పేను.

రిపోర్టులో షుగర్ ఎక్కువుంది. రక్తం తక్కువుందని కూడా డాక్టరు అన్నాడట గాని, ఆ మాట నా చెవిన పడలేదు. మా అక్కకి షుగరుతోనే చూపు పోయింది. నాకు అక్షరాలొచ్చి ఆరేళ్లు. మనవరాలు రూతు దగ్గర కూర్చుని దిద్దుకున్నాను. ఇప్పుడిప్పుడే కూడబలుక్కోకుండా చదువుతున్నాను. ఇంత ఆలస్యంగా ఇచ్చినవాటిని దేవుడు ఇంత తొందరగా తీసేసుకుంటాడా అనుకున్నాను. ఆ నాలుగు రోజులూ కనిపించిన కాగితమల్లా చదివేను. పాటల పుస్తకం చదివేను, దాన్ని అచ్చు వేసినవాళ్ల ఊరూ పేరూ చదివేను, చెప్పులు చుట్టొచ్చిన పాత పేపరు కూడా చదివేను.

మందు మొదలెట్టేముందు షుగర్ ఇంకోసారి చూద్దామన్నాడు డాక్టరు. ఆ పరీక్షకి వెళ్లే పొద్దున్న మళ్లీ లోటా ఎత్తేసరికి కోడలు వంటింటి గుమ్మంలో ఉంది.

"ఏటత్తా అది?"

"అంబలి."

"మొన్న కూడా తాగేవా?"

"తాగకపోతే రైలెలా ఎక్కుతానమ్మీ? తినొద్దన్నావు, తిన్లేదు."

సువార్త గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. నవ్విందో ఏడిచిందో తెలీలేదు. "నాలుగు రోజులై నాకు నిద్దర్లేదత్తా," అంది. భయం నాది ఒక్కదానిదే అనుకున్నాను. నేను పేపర్లు చదువుకుంటూంటే, పక్క గదిలో ఆ పిల్ల మేలుకునే ఉందన్నమాట. లోటా కింద పెట్టేసేను.

వట్టి నీళ్లు తాగి వెళ్లేను. షుగర్ లేదు. ఒంట్లో రక్తం, ఐరన్ తగ్గడం వల్లే నీరసమట. అది మొదటి రిపోర్టులోనే ఉంది. మాత్రలిచ్చేడు, భోజనం కాగానే టీ తాగొద్దన్నాడు, ఎందుకు తగ్గిందో చూడ్డానికి ఇంకో రెండు టెస్టులు రాసేడు. నాకు ఆశ్చర్యమేమిటంటే, నా రక్తం అబద్ధం చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఇద్దరం నిజమే చెప్పి డాక్టరుని దారి తప్పించేం.

వచ్చే నెల మళ్లీ రక్తం ఇవ్వాలి. ఈసారి మర్చిపోకుండా నా చేత్తోనే పెద్ద అక్షరాలతో రాసి వంటింటి తలుపుకి అంటించేను: 'తినకూడదు. తాగకూడదు. నీళ్లు మాత్రమే.' ఒక్క తప్పూ లేదని రూతుని పిలిచి చూపించేను. అది చదివి, బాగుందని, పెన్నడిగి కింద ఇంకో వరస రాసింది: 'నీళ్లలో ఏమీ కలపకూడదు, మామ్మా.'

మజ్జిగ సంగతేటని అడగబోతున్నదాన్ని, నోరు మూసుకున్నాను.