సలోమి అడిగిన చెయ్యి

పెర్కిట్ చర్చిలో గంట కొట్టే చిన్నయ్యకు సలోమి ఒక్కతే కూతురు. తల్లి పురిట్లోనే పోయింది. చిన్నయ్య గొప్ప భక్తిపరుడని వాడలో పేరు. ఇంట్లో మాత్రం నీళ్ల కుండ పక్కన ఒక చింతబరికె ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. కొట్టేముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాడు. కొట్టాక కూతురిని మోకరింపజేసి దేవునికి స్తోత్రం చెప్పించేవాడు.

"నేను కొట్టకుంటే ఆయన కొడ్తడు బిడ్డా. ఆయన దెబ్బ ఇంతకంటె గట్టిగుంటది" అనేవాడు.

1981లో, పదేళ్ల వయసప్పుడు, ఆరాధన మధ్యలో ఎందుకో నవ్వొచ్చి సలోమి కిసుక్కున నవ్వింది. ఇంటికొచ్చాక చిన్నయ్య బరికె కూడా తియ్యలేదు. అరచేత్తోనే కొట్టాడు. కుడి చెవిలోంచి నెత్తురు కారి గౌను మెడ తడిసింది. ఆ చెవి మళ్లీ సరిగ్గా వినపడలేదు. దేవుడు ఎట్లా ఉంటాడంటే అప్పట్లో సలోమికి ఒకటే తోచేది: బాపులాగే ఉంటాడు, కాకపోతే చేతులు ఇంకా పెద్దవి.

పద్దెనిమిదేళ్లకు బాబురావుతో పెళ్లయింది. అతను ఆర్మూర్‌లో ఒక సేటు కళ్లంలో పాలిషు డ్రమ్ము నడిపేవాడు. ఉడికించి ఎండబెట్టిన పసుపుకొమ్ముల్ని ఆ ఇనుప డ్రమ్ములో పోసి మోటారుతో తిప్పితే పైపొట్టు రాలి నిగనిగలాడతాయి. సలోమికీ ఆ కళ్లంలోనే పని. ఆడవాళ్లతో కూర్చుని కొమ్ముల్ని దుంపల నుంచి విరిచేది.

బాబురావు మొదటివారంలోనే కొట్టాడు. ఆ తర్వాత కారణం వెతుక్కోవడం మానేశాడు. రెండో ఏడు, సలోమికి నాలుగో నెల నడుస్తుండగా, జుట్టు కుడిచేతికి చుట్టుకుని ఆమెను రోటి మీదికి విసిరాడు. దవాఖానలో అత్త రత్నవ్వ నర్సుతో, "కాలు జారి పడ్డదమ్మా" అంది. బిడ్డ దక్కలేదు.

ఇంటికొచ్చిన మూడోరోజు మధ్యాహ్నం, ఎవరూ లేని చర్చిలోకి పోయి నేల మీద బోర్లాపడి అడిగింది.

"గా చెయ్యి ఉండొద్దు దేవా. గా చెయ్యితోనే నా కడుపు తీసిండు. నువ్వు కొట్టేటోనివే గదా. కొట్టు."

మూడు వారాలకు కళ్లంలో డ్రమ్ము బెల్టు జారింది. మోటారు ఆపకుండానే బాబురావు దాన్ని చక్రం మీదికి నెట్టబోయాడు. బెల్టు అతని చొక్కా చేతిని పట్టింది. కుడిచెయ్యి చక్రంలోకి పోయింది. ఎముకలు విరిగిన చప్పుడు డ్రమ్ము మోతలో కూడా వినపడింది. అతను అరుస్తుంటే నెత్తురు పసుపురాశి మీద చిమ్మింది. సలోమి పదడుగుల దూరంలో ఉంది. లేచి నిలబడింది గానీ అడుగు పడలేదు. కాళ్లు రాలేదో, తానే పోనియ్యలేదో ఆమెకు ఎన్నటికీ తెలియలేదు. హమాలీ నడిపయ్య దూకి మెయిను స్విచ్చి గుంజేదాకా ఆమె అట్లాగే చూస్తూ నిలబడింది.

నిజామాబాద్‌ దవాఖానలో ఆ చెయ్యిని మోచేతి కింద తీసేశారు.

అప్పటినుంచి సలోమికి దేవుడంటే వణుకు పుట్టింది. బాపు చెప్పింది నిజమే. అడిగితే కొట్టాడు, అదీ అడిగిన చేతినే. అత్త మీద కోపం వస్తే, ఆ కోపం పైకి పోయి ఏ రూపంలో దిగుతుందోనని గబగబా వేరే సంగతి తలుచుకునేది. మొగుడికి ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. మోకాళ్లూనడం మానేసింది. ఒకరోజు భరించలేక పాస్టరయ్యకు జరిగిందంతా చెప్పింది.

ఆయన ముఖం వెలిగిపోయింది. "దేవుడు నీ మొర ఇన్నడమ్మా! ఆదివారం లేచి సాక్ష్యం చెప్పు."

"చెప్ప పాస్టరయ్యా" అని సలోమి లేచి వచ్చేసింది.

ఆరు నెలల్లో బాబురావు ఎడమచేత్తో తినడం నేర్చుకున్నాడు. ఏడో నెలలో ఎడమచేత్తో కొట్టడం నేర్చుకున్నాడు. పప్పులో ఉప్పు ఎక్కువైందని కంచు గ్లాసుతో నుదుటి మీద కొట్టాడు. ఆమె కింద పడితే పక్కటెముకల్లో తన్నాడు.

"చెయ్యి పోయినోడు, కోపమొస్తది మరి. నువ్వే జర ఓర్సుకోవాలె" అంది రత్నవ్వ.

నుదుటికి గుడ్డ కట్టుకుని సలోమి పనికి పోయింది. ఇక ఎడమచెయ్యి కూడా అడగాలా? తర్వాత కాళ్లా? ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మధ్యాహ్నం బువ్వకు కూర్చున్నప్పుడు నడిపయ్యను అడిగింది.

"అన్నా, గా బెల్టు ఇంతకుముందు ఎవల్నన్న పట్టిందా?"

"ఎందుకు పట్టలే? నిరుడు ఎల్లయ్య చేతివేళ్లు నాలుగు పోలేదా? బెల్టు మొత్తం పోగులు లేసింది. మార్చుమని సేటుకు ఎన్నిసార్లు చెప్పినమో."

ఎల్లయ్య ఆమెకు తెలుసు. చీమకు కూడా అపకారం చెయ్యని మనిషి. ఆయన వేళ్లు కావాలని ఎవరు మోకరించి అడిగారు? ఎవరూ లేరు. చిరిగిన బెల్టు ఎల్లయ్యనూ పట్టింది, బాబురావునూ పట్టింది. సలోమి చేతిలో ముద్ద అట్లాగే పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఆ ఏడుపులో సగం హాయి.

బాబురావు మళ్లీ చెయ్యి ఎత్తిన రోజున ఆమె దేవుణ్ణి పిలవలేదు. మూలనున్న రోకలి అందుకుని మోకాటి కింద కొట్టింది. బాబురావు కుప్పకూలాడు. ఆమె రోకలి మళ్లీ ఎత్తింది. కింద అతని తల ఉంది. పగలగొట్టడం ఎంత సులువో ఆమెకు తెలిసింది. కొట్టాలని ఒళ్లంతా కోరింది. రోకలి మెల్లగా నేలకు దిగింది. ఎవరో పక్కన నిలబడినట్టు అనిపించింది. ఆ వచ్చినవానికి బరికె లేదు. ఆమెతోపాటు ఆయనా దెబ్బలు తిన్నట్టున్నాడు.

బట్టలు మూట కట్టుకుని ఆ సాయంత్రమే వచ్చేసింది. పెర్కిట్‌లో గంగమణి అనే బీడీలు చుట్టే ఆమె తన ఇంట్లో ఒక అర్ర ఇచ్చింది. పది రోజులకు చిన్నయ్య వచ్చాడు. నిలబడే మాట్లాడాడు.

"మొగని మీద చెయ్యి ఎత్తుతవా? దేవుడు ఊకుంటడా? నడువు, ఇంటికి పో."

"గట్ల కొట్టే దేవునికి మొక్కుడు బంద్ చేసిన బాపు."

"మరి ఆదివారం చర్చికెందుకు వస్తున్నవ్?"

"నాతోపాటు తన్నులు తిన్నాయన ఉన్నడు. ఆయన కోసం వస్తున్న."

చిన్నయ్య చెయ్యి లేచింది. సలోమి తల వంచలేదు. సూటిగా చూసింది. ఆ చెయ్యి కాసేపు గాలిలో ఆగి, కండువా సర్ది కిందికి దిగింది. అతను వెళ్లిపోయాడు. ఆ తర్వాత తండ్రీకూతుళ్లకు మాటల్లేవు. బాబురావు తల్లిని తీసుకుని మెండోరలో అక్క దగ్గరికి చేరాడు.

1997లో ఒక ఆదివారం, చర్చిలో కొత్తగా పెళ్లయిన పిల్ల ఒకతి పెదవి చీలి ఉబ్బిన ముఖంతో సలోమి పక్కన కూర్చుంది. ఆరాధన అయ్యాక కొంగు పట్టుకుని గుంజింది.

"అక్కా, నువ్వడిగితే దేవుడు ఇంటడని పాస్టరయ్య చెప్పిండు. మా ఆయన చేతులు పడిపోవాలని మొక్కవా?"



"మొక్కను" అంది సలోమి. "మీ ఇల్లెక్కడ?"

గడప దగ్గర విడిచిన చెప్పులు వేసుకుని ఆ పిల్లను ముందు నడవమంది.